వెనుక సీటు నుంచి ఓర్వకల్లు దారి

ఆదివారం తెల్లవారుజామున కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర మా సైకిల్ బృందం కలుసుకుంటుంది. నంద్యాల రహదారి మీదుగా 20 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ఓర్వకల్లు రాతివనం చూసుకుని, ఎండ ముదరకముందే తిరిగివస్తాం. మిగిలినవన్నీ మామూలు సైకిళ్లు. మాది మాత్రం ఆలుమగలం కలిసి తొక్కే టాండెమ్.

హ్యాండిల్, బ్రేకులు, గేర్లు ముందు కూర్చునే మా వారి చేతిలో ఉంటాయి. రెండు జతల పెడళ్లనూ ఒక గొలుసు కలుపుతుంది కాబట్టి, ఆయన కాళ్లు ఎంత వేగంగా తిరిగితే నా కాళ్లూ అంతే వేగంగా తిరగాలి, ఆయన ఆపితే నేనూ ఆపాలి. నా కళ్లెదుట ఉండేది చెమటకు తడిసిన ఆయన చొక్కా వీపే గనుక, దారి సంగతి ఆయన నోటి నుంచే తెలియాలి. "గుంత వస్తాంది, లెయ్యి" అనగానే సీటు మీది నుంచి కాస్త పైకి లేస్తాను. ఒకసారి ఆయన చెప్పడం మరిచిపోతే నా నడుము రెండు రోజులు నొప్పి పెట్టింది; ఆనాటి నుంచి చిన్న గతుకునైనా ఆయన చెప్పకుండా వదలలేదు.

బృందంతో కలిసి సాగడంలో అసలు చిక్కు ఎత్తుపల్లాల దగ్గరే. ఇద్దరి బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు వెనుకబడతాం. పల్లంలోనేమో, బరువు ఇద్దరిదైనా ఎదురుగాలి తగిలేది దాదాపు ఒక్కరికే కాబట్టి, అందరినీ దాటిపోతాం. అందుకే దిగుడుకు ముందే గంట కొట్టి పక్కకు జరుగుతాం. తిరుగు ప్రయాణంలో గాలి ఎదురైతే మిత్రులు మా వెనుకే వరుస కడతారు. వారికి గాలి తగలకుండా మేం అడ్డుగా ఉండటం నాకెంతో ఇష్టం.