డికాషన్ దిగేలోపు

మా అమ్మమ్మ రామకోటి రాసేది. తెనాలిలో ఇల్లు, వెనక వసారాలో ఒక పీట, స్నానం చేసి తులసమ్మకి నీళ్లు పోసి వచ్చి ఆ పీట మీద కూర్చుని గళ్ల పుస్తకంలో శ్రీరామ శ్రీరామ అని ఒక పేజీ నింపేది, కాఫీ ఆ తర్వాతే. పేజీకి 108 గళ్లు. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు, లెక్కల్లో మంచి మార్కులొస్తున్న పొగరు కదా, ఒకరోజు కూర్చుని లెక్కేశా. కోటి పూర్తవ్వాలంటే 92 వేల పైచిలుకు రోజులు, అంటే 253 ఏళ్లు. నీ వల్ల కాదు అమ్మమ్మా అని వెళ్లి చెప్పా. ఆవిడ తల కూడా ఎత్తలా. "రాముడికేం తొందర లేదులేవే, నువ్వెళ్లి పాలు పొంగుతున్నాయేమో చూడు" అంది. పొంగాయి కూడా.

ఇదెందుకు గుర్తొచ్చిందంటే, నేను కథలు రాస్తానని తెలిసిన ఒకమ్మాయి మొన్న ఆఫీసులో, "అక్కా, మీకు రోజూ మూడ్ ఎలా వస్తుంది" అని అడిగింది. నాకు మూడ్ రాదు. పదేళ్లపాటు అది వస్తుందని ఎదురుచూశా, ఆ పదేళ్లలో రాసినవి నాలుగు కథలు, అందులో రెండు సగమే.

ప్రతి జనవరిలో ఎల్‌ఐసీ ఏజెంట్ ఇచ్చిన డైరీ తీసేదాన్ని. మొదటి పది పదకొండు పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలు, ఆ తర్వాత పాల లెక్క, చీటీ డబ్బుల లెక్క, పనమ్మాయి రాని రోజులు. ఒక ఏడాది ఏకంగా నవంబర్‌లో 50,000 మాటల నవల రాసేసే పందెం పెట్టుకున్నా. 1999లో అమెరికాలో మొదలైన పద్ధతి అది, 30 రోజులకి పంచుకుంటే రోజుకి 1,667 మాటలు. అసలు ఆ లెక్క ఇంగ్లీషు వాళ్లది అన్న సంగతి నాకు తట్టలేదు. మనం "రాయలేకపోతున్నానని" అంటే ఒక్క మాట, అదే వాళ్లు చెప్పాలంటే నాలుగైదు మాటలు ఖర్చు పెట్టుకోవాలి, వాళ్ల కొలతతో మన బట్ట కొలిస్తే చేతులు పొట్టిగానే వస్తాయి. సరే, ఎనిమిది రోజులు లాక్కొచ్చా. తొమ్మిదో రోజు మా పెదనాన్న గారి అమ్మాయి పెళ్లి, కార్తీకమాసం ముహూర్తాలు మరి, రెండు రోజులు పోయాయి. తిరిగొచ్చేసరికి బాకీతో కలిపి ఆ ఒక్కరోజే 5,001 మాటలు రాయాలి. చేబదులు ఇచ్చినవాళ్లు ఎదురొస్తే సందు మార్చినట్టు ఆ ల్యాప్‌టాప్ వైపు వెళ్లడమే మానేశా.

తర్వాత యాప్. రాసిన రోజు పచ్చ టిక్కు, వరసగా ఎన్ని రోజులో పైన నంబరు. 43 దాకా వచ్చింది, వైరల్ ఫీవర్ వచ్చి నాలుగు రోజులు పడుకున్నా, లేచి చూస్తే సున్నా. మరి ఆ 43 రోజులూ రాసింది ఎవరమ్మా? కోపమొచ్చి యాప్ తీసేశా, దాంతోపాటు రాయడం కూడా ఆరు నెలలు తీసేశా, అదీ నా తెలివి.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని అందరూ అంటుంటారు కదా, ఆ మాటకి మూలం 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం. పేషెంట్లు మారిన ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించి రాసుకున్న మాట అది, కథలు రాయడానికీ దానికీ ఏం సంబంధం చెప్పండి. లండన్‌లో ఒక యూనివర్సిటీ వాళ్లు నిజంగానే కొలిచారు, 96 మందితో, భోజనంతో పాటు ఒక పండు తినడం, రాత్రి తిండికి ముందు కాసేపు పరిగెత్తడం, అలాంటి చిన్న పనులు. 2010లో వచ్చింది ఆ పేపర్. పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు, కానీ ఒకరికి 18 అయితే ఇంకొకరికి 254. నాకు నచ్చిందేంటంటే మధ్యలో ఒకరోజు తప్పితే పెద్ద తేడా రాలేదట.

ఇది చదివినప్పుడు నాకు అమ్మమ్మ కంటి ఆపరేషన్ గుర్తొచ్చింది. నెల పైనే రామకోటి రాయలేదు ఆవిడ. డాక్టర్ గారు ఇక రాసుకోవచ్చు అన్నాక పుస్తకం తీసి, ఆగిపోయిన గడి పక్క గడిలోంచి మొదలెట్టింది. అంతే. తప్పిన రోజులకి రెండేసి పేజీలు రాయడం, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవడం, అలాంటివేం లేవు.

ఇప్పుడు నా పద్ధతి చెప్తా, నవ్వకండి. పొద్దున్నే ఫిల్టర్ పై గిన్నెలో పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, మూత పెట్టి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటా. డికాషన్ దిగేలోపు రాయాలి, దిగాక లేవాలి. మా ఫిల్టర్‌కి చిల్లులు కొన్ని పూడిపోయాయి కాబట్టి ఇరవై నిమిషాలు పడుతుంది. మా అత్తగారు స్టవ్ మంట మీద కాల్చి బాగుచేస్తానన్నారు, వద్దత్తయ్యా అని బతిమాలుకున్నా. ఆ ఇరవై నిమిషాల్లో వందా, నూట యాభై మాటలు వస్తాయి, కొన్నిరోజులు రెండే వాక్యాలు, కొన్నిరోజులు నిన్నటిది కొట్టేయడంతోనే సరిపోతుంది. ఇల్లు లేచాక ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో ఫోన్‌లో రాద్దామని కూడా చూశా గానీ నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, పక్కావిడ స్క్రీన్‌లోకి తొంగిచూస్తుంటే కథలో పాత్రలకి సిగ్గేస్తుంది.

కాఫీ మీద నాది కొత్త విద్యేం కాదు లెండి. ఆంథనీ ట్రాలప్ అని ఇంగ్లండులో పోస్టల్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగి, ఉద్యోగం చేసుకుంటూనే బోలెడు నవలలు రాశాడు, మొత్తం 47. పొద్దున ఐదున్నరకల్లా బల్ల దగ్గర ఉండేవాడు, గడియారం ముందు పెట్టుకుని పావుగంటకి 250 మాటలు. తనని లేపి కాఫీ తెచ్చిచ్చినందుకు గుర్రాలు చూసుకునే ముసలాయనకి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడట. మనకి ఆ లేపేవాళ్లు లేరు, మనమే లేచి అందరికీ కాఫీ ఇవ్వాలి, అది వేరే బాధ.

అలాగని రోజూ రాస్తేనే రచయిత అనే వాళ్లతో నేను ఒప్పుకోను. కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, రాసిన కథలు తక్కువే, బడిపంతులుగా పనిచేస్తూ రాశారు, 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అని తెలుగు కథల లైబ్రరీ పెట్టి ఊరందరి కథలూ పోగేశారు. ఆయనకి రోజూ పచ్చ టిక్కు పెట్టే యాప్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో. రోజూ రాయడం నాకు కావాలి ఎందుకంటే నేను బద్ధకస్తురాలిని, అంతే.

ఇంకో రెండు సంగతులు పనికొచ్చాయి. ఒక పత్రికకి కథ పంపి ఎనిమిది నెలలు ఎదురుచూశా, వేశామనీ లేదు వెయ్యమనీ లేదు, ఆ ఎనిమిది నెలలూ కొత్తది మొదలెట్టబుద్ధి కాలేదు. ఇప్పుడు పత్రికకి పంపేముందే, ఆదివారం సాయంత్రం, ఇద్దరు స్నేహితురాళ్లకి వాట్సాప్‌లో పెడతా, ఎంతయితే అంత. "సూపర్" అని పెట్టకూడదని షరతు. మొన్న ఒకామె "ఆ అత్తగారు ఎందుకు ఏడవలేదే?" అని ఒకే ఒక్క ప్రశ్న పెట్టింది, ఆ ప్రశ్న మీద మూడు పొద్దుటిపూటలు గడిచాయి.

రెండోది, వాక్యం పూర్తిచేసి లేవను. డికాషన్ దిగిపోయిందనుకోండి, ఎక్కడుంటే అక్కడ ఆపేస్తా, సగం మాట మీదైనా సరే. పూర్తిచేసి లేస్తే మర్నాడు ఖాళీ గోడ ముందు నిలబడ్డట్టుంటుంది, సగం వాక్యం ఉంటే కనీసం దాన్ని పూర్తిచేద్దామని చెయ్యి కదులుతుంది. కాకపోతే ఒక్కోసారి మర్నాడు చూసుకుంటే ఏం రాద్దామనుకున్నానో గుర్తుండదు. ఇప్పుడు రాస్తున్న కథలో ఒకావిడ తాళం వేసిన తలుపు ముందు నిలబడి, తాళాలకని కొంగుముడి విప్పబోతూ ఉంది. నాలుగు రోజులైంది. ఆ ముడిలో తాళాలున్నాయో, ఇంకేమున్నాయో నాకింకా తెలీదు, రేపు పొద్దున నీళ్లు పోశాక చూడాలి.