రైలు టికెట్ రాయితీకి సదరం శాతం ఒక్కటే చాలదు

సదరం సర్టిఫికెట్‌లో, అంటే దివ్యాంగులకు ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో, 80 శాతం లోపం అని ఉన్నా రైలు ఛార్జీలో ఒక్క రూపాయి తగ్గకపోవచ్చు. రైల్వే చూసేది శాతం కాదు. కాళ్ళూ చేతుల్లో లోపం ఉన్నవారు తోడు లేకుండా ప్రయాణం చేయలేరని ప్రభుత్వ డాక్టరు రాసివ్వాలి. బుద్ధి ఎదుగుదల లోపానికీ అదే షరతు. చూపు పూర్తిగా లేనివారికి తోడున్నా లేకున్నా ఇస్తారు. వినికిడీ మాటా రెండూ పూర్తిగా లేనివారిది నాలుగో కోవ. చెవుడు ఒక్కటే ఉంటే రాదు. చేతికర్రతో ఒంటరిగా తిరిగే పోలియో మనిషికి ఏమీ దక్కదన్నమాట. అన్యాయమే, కానీ నియమం అంతే.

డాక్టరు రాసిచ్చే ఈ సర్టిఫికెట్ రైల్వే నమూనాలోనే ఉండాలి. ఆ కాగితం ప్రింట్ తీసుకుని మనమే ఆసుపత్రికి పట్టుకెళ్ళడం మేలు. డాక్టరు సంతకం, ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. శాశ్వతం, తాత్కాలికం అన్న మాటల్లో వర్తించనిది కొట్టేశారో లేదో అక్కడే చూసుకోండి. తర్వాత రైల్వే దివ్యాంగుల కార్డు వెబ్‌సైటులో దరఖాస్తు. ఆధార్‌లో పేరు ఎలా ఉందో సర్టిఫికెట్‌లోనూ అలాగే ఉంటే తలనొప్పి తక్కువ. శాశ్వత లోపమైనా 25 ఏళ్ళ లోపువారికి గడువు 5 ఏళ్ళే, 26 నుంచి 35 వరకు 10 ఏళ్ళు, ఆపైన జీవితాంతం. పిల్లల కార్డు తేదీ దాటిపోయిన సంగతి చాలామందికి టికెట్ తీసేటప్పుడే తెలుస్తుంది.

స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీల్లో 50 శాతం తగ్గుతుంది; తోడుకీ అంతే. నాలుగో కోవకి మాత్రం 50 శాతమే, అదీ ఏసీ కాని తరగతుల్లోనే. రాజధాని, శతాబ్ది లెక్క వేరు. పైగా తగ్గేది మూల ఛార్జీ మాత్రమే. స్లీపర్ మూల ఛార్జీ 400 అనుకుంటే 100 మిగులుతుంది. రిజర్వేషన్ 20, సూపర్‌ఫాస్ట్ 30 కలిపి 150. కౌంటర్‌లో ఎక్కువ తీసుకున్నారని గొడవపడేది ఇక్కడే.

తత్కాల్‌లో రాయితీ లేదు. అందుకే ముందుగా దివ్యాంగుల కోటాలో చూడండి. ప్రయాణంలో ఒరిజినల్ కార్డు దగ్గరుండాలి. దివ్యాంగులు రైలెక్కకుండా తోడు ఒక్కరే ఆ టికెట్‌తో వెళ్తే, టీటీఈ ఆ సీటును టికెట్ లేని ప్రయాణంగానే లెక్కేస్తారు.