మూడు మీటర్ల గీతకు పైనే: లేజర్లతో నా మొదటి అనుభవం

ఆరేళ్లుగా స్టేజీ లైట్లు నడుపుతున్నాను. మూవింగ్ హెడ్లు, ఎల్ఈడీ పార్లు, స్ట్రోబ్‌లు అన్నీ చేతికి అలవాటే. అందుకే ఒక బ్యాండ్ వాళ్లు ఈసారి షోలో లేజర్లు కావాలని అడిగినప్పుడు, మామూలు లైట్లలాగే డీఎంఎక్స్ (లైట్లకు ఆదేశాలు పంపే సిగ్నల్) అడ్రస్ ఇచ్చి, లైట్లు నడిపే కన్సోల్‌లో కలిపేస్తే చాలనుకున్నాను. అద్దెకు వచ్చినవి రెండు ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) లేజర్ ప్రొజెక్టర్లు, ఒక్కోటి 3 వాట్లు. హాలు మధ్యస్థంగా ఉంటుంది, వెనక ఒక బాల్కనీ. చేతిలో పది రోజుల టైమ్ ఉంది.

చాలా ఏళ్లుగా లేజర్లే నడుపుతున్న ఒక అన్నకి ఫోన్ చేశాను. సాఫ్ట్‌వేర్ గురించి ఏదో చెబుతాడని పెన్ను పట్టుకుని కూర్చుంటే, "హాల్లో జనం కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయి తమ్ముడూ? బాల్కనీలో?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. "ముందు టేపు తీసుకెళ్లి కొలిచి రా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆ రాత్రి ఆయన చెప్పిన పద్ధతిలో కాగితం మీద లెక్క వేశాను. కదలకుండా నిలిచిన లేజర్ బీమ్ కంట్లో పడితే, రెప్ప వాల్చడానికి పట్టే పావు సెకను వరకు కన్ను తట్టుకోగల పరిమితి చదరపు సెంటీమీటరుకు సుమారు 2.5 మిల్లీవాట్లు. నా ప్రొజెక్టర్‌లో బీమ్ 5 మిల్లీమీటర్ల మందంతో బయలుదేరి, మీటరుకు ఒక మిల్లీమీటరు చొప్పున లావవుతుంది. అంటే 20 మీటర్ల దూరంలో దాని మందం 25 మిల్లీమీటర్లు. 3 వాట్లూ ఆ కాస్త చోటులో పడితే చదరపు సెంటీమీటరుకు 600 మిల్లీవాట్లు దాటుతుంది. పరిమితికి దాదాపు 240 రెట్లు! పార్ లైటు దూరం వెళ్లేకొద్దీ పలచబడుతుంది. లేజర్ మాత్రం హాలు చివరి దాకా వెళ్లినా ప్రమాదకరంగానే ఉంటుంది. 500 మిల్లీవాట్లు దాటిన లేజర్‌ను క్లాస్ 4 అంటారని అంతకుముందే చదివాను గానీ, ఆ మాటకు అర్థం ఈ లెక్క వేశాకే నాకు ఎక్కింది.

మర్నాడు టేపు పట్టుకుని హాలంతా తిరిగాను. అమెరికాలో ఉన్న నియమాన్నే అన్న ఎక్కడ షో చేసినా పాటిస్తాడు: జనం నిలబడే నేల నుంచి 3 మీటర్ల ఎత్తు లోపల, వాళ్లకు పక్కగా 2.5 మీటర్ల లోపల బీమ్ రాకూడదు. కింద నేలకు ఇది తేలిగ్గానే కుదిరింది. బాల్కనీ దగ్గరే చిక్కు. కింద ఉన్నవాళ్ల తలల మీదుగా సురక్షితంగా వెళ్లే బీమ్ సరిగ్గా బాల్కనీలో కూర్చున్నవాళ్ల ముఖాల ఎత్తుకు చేరుతుంది. గంటసేపు కోణాలు గీసి చూశాక, ఎదురుగా మధ్య భాగాన్ని పూర్తిగా వదిలేశాను. బీమ్‌లు పక్క గోడల పై భాగానికి, సీలింగ్‌కి మాత్రమే వెళ్లాలి. సగం ఆకాశం పోయినట్టు బాధేసింది. అయినా ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అంటాను. ఆడియన్స్ మీదికి లేజర్ వెయ్యడం వేరే చదువు. దానికి కొలిచే పరికరాలు, బీమ్‌ను తిప్పే అద్దాల మోటారు (గాల్వో) ఆగితే వెంటనే కాంతిని కోసేసే ఏర్పాటు, ఆ లెక్కలు తెలిసిన మనిషి, అన్నీ ఉండాలి. నా దగ్గర అవేవీ లేవు.

బిగించే రోజు మరో సంగతి తెలిసింది. ప్రొజెక్టర్ ఒక్క డిగ్రీ కదిలితే 20 మీటర్ల దూరంలో బీమ్ 35 సెంటీమీటర్లు జరుగుతుంది. సబ్ ఊఫర్ల అదురుకు క్లాంప్ కాస్త వదులైనా చాలు, నేను గీసుకున్న గీతలన్నీ వృథా. ప్రతి బోల్టూ రెండుసార్లు బిగించి, సేఫ్టీ వైరు వేసి, కదిలితే తెలిసేలా బ్రాకెట్ మీద మార్కర్‌తో గీత పెట్టాను. తర్వాత ఎమర్జెన్సీ స్టాప్. బటన్ నొక్కగానే రెండు ప్రొజెక్టర్లూ ఆరిపోవాలి, బటన్ పైకి లాగినంత మాత్రాన మళ్లీ వెలగకూడదు, విడిగా రీసెట్ చేస్తేనే రావాలి. పదిసార్లు నొక్కి చూశాను.

స్టేజీ కుడివైపు ప్రొజెక్టర్ ట్రస్ (లైట్లు బిగించే ఇనుప చట్రం) పైన నిలబడింది. ఎడమవైపు చోటు లేక కింద తలకిందులుగా వేలాడింది. సాఫ్ట్‌వేర్‌లో ఎడమదానికి నిలువు దిశ తిప్పడం మర్చిపోయాను. హాలు ఖాళీగా ఉంది, పవర్ బాగా తగ్గించి పెట్టాను, కింది నుంచి పైకి విసనకర్రలా లేచే క్యూ (ముందే సిద్ధం చేసుకున్న ఎఫెక్ట్) ఒకటి నొక్కాను. కుడివైపు ఫ్యాన్ పైకి లేచింది. ఎడమవైపు ఏమీ రాలేదు. వెళ్లి చూస్తే ప్రొజెక్టర్ మూతి దగ్గర బిగించిన ఇనుప రేకు మీద బీమ్ పడి ఉంది. అది జనం కూర్చునే వరుసల వైపు దిగబోయింది, రేకు ఆపింది. "సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని హద్దులు పెట్టినా, చేత్తో బిగించిన రేకు లేకుండా తాళం చెవి తిప్పొద్దు" అని అన్న పదేపదే చెబితే, పెద్దవాళ్ల చాదస్తం అనుకున్నాను. ఆ రేకును చూస్తూ కాసేపు అక్కడే నిలబడిపోయాను. దిశ సరిచేశాక కూడా రెండు ప్రొజెక్టర్ల హద్దులూ ఒక్కో మూల నుంచి మళ్లీ చూశాను.

ఇక ప్రోగ్రామింగ్. ఇంట్లో కంప్యూటర్ ప్రివ్యూలో బ్యాండ్ లోగో అందంగా గీశాను. హాల్లో వేస్తే వణుకుతోంది. కారణం ఈ యంత్రం బొమ్మ గీసే తీరులో ఉంది. లోపల గాల్వోల మీద రెండు చిన్న అద్దాలుంటాయి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా బీమ్‌ను తిప్పుతాయి. ఒకే చుక్క అతివేగంగా పరుగెత్తుతుంటే మన కంటికి బొమ్మలా కనిపిస్తుంది. నా ప్రొజెక్టర్ వేగం సెకనుకు 30,000 పాయింట్లు. నా లోగోలో 1,500 పాయింట్లున్నాయి, అంటే సెకనుకు 20 సార్లే గీస్తుంది. వణకక ఏం చేస్తుంది? వంపులు తగ్గించి, లోపలి గీతలు తీసేసి 600 పాయింట్లకు తెచ్చాను. సెకనుకు 50 సార్లు వచ్చేసరికి నిలకడగా నిలబడింది. తీసేసిన గీతల లోటు ఎవరికీ తెలియలేదు.

మరో తేడా: ప్రతి గీత మొదలయ్యే చోట చిన్న తోకలా అదనపు కాంతి కనిపిస్తోంది. అద్దాలకు బరువుంటుంది కాబట్టి ఆదేశం కన్నా కాస్త వెనకబడతాయి, రంగు మాత్రం వెంటనే మారిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో రంగును కొద్దికొద్దిగా ఆలస్యం చేస్తూ పోతే ఒక చోట తోకలు మాయమయ్యాయి. తెలుపు కూడా మొదట ఆకుపచ్చగా కొట్టింది. 638 నానోమీటర్ల ఎరుపు కన్నా 520 దగ్గరి ఆకుపచ్చ మన కంటికి చాలా ప్రకాశంగా కనిపిస్తుంది. ఆకుపచ్చ, నీలం తగ్గించుకుంటూ వచ్చాక మంచి తెలుపు దొరికింది. మొత్తం వెలుగు కొంత తగ్గింది. ఆ తెలుపు కోసం అంత వదులుకోవచ్చు.

నాకు ఎక్కువ టైమ్ పట్టింది మాత్రం టైమింగ్ దగ్గర. ఐదు పాటలకు టైమ్‌లైన్ మీద ప్రతి బీట్‌కీ క్యూ పెట్టుకుని రిహార్సల్‌కి వెళ్లాను. ఆ డ్రమ్మర్ క్లిక్ ట్రాక్ (వేగం తప్పకుండా చెవిలో వినిపించే టిక్‌టిక్) పెట్టుకోడు. ఒక పాటలో గాయని ఒక ఆలాపనను ఇష్టంగా సాగదీసింది, నా లేజర్లు ఆమెను వదిలేసి ముందుకెళ్లిపోయాయి. చాలా టెన్షన్ పడ్డాను. ఆ రాత్రి టైమ్‌లైన్ మొత్తం పక్కన పెట్టి, 24 క్యూలు బటన్ల మీదకి తెచ్చుకున్నాను: పై వరుసలో నెమ్మదైన బీమ్‌లు, మధ్యలో ఫ్యాన్లు, గొట్టంలా కనిపించే టన్నెల్‌లు, కింద బీట్‌కి కొట్టేవి. పాట వేగాన్ని వేలితో కొట్టి చెప్పడానికి (టెంపో ట్యాప్) ఒక బటన్. కన్సోల్ మీద లేజర్ల మొత్తం వెలుగుకి ఒక ఫేడర్. మనుషులు వాయించే సంగీతానికి వేలితో నడిపే లేజరే సరిపోతుందని నా గట్టి అభిప్రాయం. ముందే రికార్డు చేసిన ట్రాక్ మీద నడిచే షో అయితే టైమ్‌కోడ్ (పాట సమయాన్ని బట్టి క్యూలు వాటంతటవే నడిచే పద్ధతి) పెట్టుకోవచ్చు.

బీమ్ గాలిలో కనిపించడానికి వేసే పొగ సంగతీ చెప్పాలి. ఫాగ్ మెషీన్ పొగ ముద్దలు ముద్దలుగా వస్తుంది, బీమ్ అక్కడక్కడ తెగినట్టు కనిపిస్తుంది. హేజర్ అనే మరో యంత్రం పొగ పలచగా, సమానంగా పరుచుకుంటుంది. తలుపులు తెరిచే ముందే దాన్ని నడిపి, ఏసీ గాలి ఎటు తోస్తుందో చూసి చోటు మార్చాను. ఫొటోలు తీసేవాళ్లను కలిసి, బీమ్ నేరుగా లెన్స్‌లో పడితే కెమెరా సెన్సర్ కాలిపోతుందని చెప్పి, ఎక్కడ నిలబడకూడదో చూపించాను.

షో రోజు మొదటి మూడు పాటల్లో లేజర్లు అసలు వెయ్యలేదు. మామూలు లైట్లతోనే నడిపాను. నాలుగో పాటలో గాయని మళ్లీ ఆ ఆలాపన అందుకుంది. లైట్లన్నీ మెల్లగా దించేసి, పై వరుసలో మొదటి బటన్ నొక్కాను. రెండు వైపుల నుంచి తెల్లటి బీమ్‌లు జనం తలలకు చాలా ఎత్తున ఒకదాన్నొకటి దాటుతూ నిలిచాయి. హాలంతా ఒక్కసారి తలెత్తింది. ఆమె ఎంతసేపు సాగదీస్తే అంతసేపు వాటిని అలాగే పట్టుకున్నాను, ఎడమచెయ్యి ఎమర్జెన్సీ స్టాప్ మీదే ఉంది. డ్రమ్స్ పడగానే ఫ్యాన్లు తెరుచుకున్నాయి.

షో అయ్యాక నిచ్చెన వేసుకుని పైకెక్కి మార్కర్ గీతలు చూశాను. కుడివైపుది పెట్టినట్టే ఉంది. ఎడమవైపు బ్రాకెట్ ఒక వెంట్రుక మందం జరిగింది. తర్వాతి షోకి అక్కడ రెండో క్లాంప్ వెయ్యాలని నోట్‌బుక్‌లో రాసుకుని కిందికి దిగాను.