కుట్టు వెనక వైపు

ఆషాఢం వచ్చిందంటే పెళ్లి బ్లౌజులు ఆగిపోతాయి. బెంగళూరు మారతహళ్లిలోనో బీటీఎంలోనో అద్దె గదిలో ఎంబ్రాయిడరీ మగ్గం బిగించుకుని బతుకుతున్న మన తెలుగువాళ్లకు ఆ నెల చేతికి పని ఉండదు. బెంగళూరులో వానలు పట్టేదీ ఆ రోజుల్లోనే. సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లు సీటు కవరు, పాంటు గొలుసులో చిక్కకుండా చీలమండకు చుట్టే పట్టీ, బాటిల్ సంచి అడిగేదీ అప్పుడే. కుట్టు వచ్చిన చేతికి ఇవి కష్టం కాదు. బ్లౌజు కుట్టిన అలవాటుతోనే కుడితే మాత్రం రెండు నెలలు ఆగవు.

మగ్గం పనిలో చూపంతా పైవైపే. వెనక ముడులు, దారం కొసలు, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు లాగిన పొడుగు దారాలు అన్నిటినీ లైనింగు కప్పేస్తుంది. ఆ బ్లౌజును ఏడాదికి నాలుగుసార్లు తొడిగి, డ్రైక్లీనింగుకు ఇస్తారు. సైకిల్ పట్టీ రోజూ చెమటలో నాని, వారానికోసారి బకెట్లో పడుతుంది. వెనక ముడి ఉంటే చీలమండను ఒరుస్తుంది, ఉతుకులో ఊడుతుంది. గొలుసు కుట్టు కొస ఊడిందంటే లాగినంత మేరా వరసగా విప్పుకుంటూ పోతుంది. వెనక్కి పొడిచి ముందుకు తీసే బఖియా కుట్టులో దారం తెగినా రెండు మూడు పోట్లే వదులవుతాయి. అందుకే వాడకం వస్తువుకు గొలుసు కుట్టు తగ్గించి, ఎక్కడైనా వేసినా కొసను వెనక కుట్ల కిందుగా రెండు సెంటీమీటర్లు దూర్చి కత్తిరించాలి.

ఈ విషయంలో నేర్చుకోవాల్సింది ఇక్కడి కసూతి ఎంబ్రాయిడరీ దగ్గరే ఉంది. కర్ణాటకలో ధార్వాడ వైపు పని అది, ముడి వేయడమన్నదే ఉండదు. గవంతి, ముర్గి, నేగి, మెంతి అని నాలుగు రకాలు. మెంతి మన మెంతులే, ఆ అడ్డకుట్టు (క్రాస్ స్టిచ్) మెంతి గింజల్లా కనబడుతుంది కాబట్టి ఆ పేరు. సైకిల్ వస్తువులకు పనికొచ్చేది గవంతి. పోగులు లెక్కపెట్టుకుంటూ ఒక పోటు వేసి ఒకటి వదులుతూ ముందుకు వెళ్లి, అదే దారిలో తిరిగొస్తూ వదిలిన ఖాళీలు పూరించాలి. రెండు వైపులా ఒకేలా వస్తుంది. దారం మొదలుపెట్టిన చోటికే తిరిగి రావాలి కాబట్టి కొమ్మలున్న నమూనా అయితే ముందు కాగితం మీద దారి గీసుకోండి. సగంలో చిక్కుకుంటే విప్పడం తప్ప దారి లేదు. జీన్స్ గుడ్డ మీద పోగులు లెక్కకు అందవు. పోగులు విడిగా కనబడే మ్యాటీ క్లాత్ మీద కుట్టి, అంచు మడిచి, ఆ ముక్కను పట్టీకి అతికించి కుట్టడం సులువు.

దారం మూరెడే తీసుకోవాలి. అంతకు మించితే గుడ్డలోంచి పదేపదే దూరి నూగు లేస్తుంది, మెలి పడుతుంది. ఆరు పోగుల కాటన్ దారం ఒక లడి ఎనిమిది మీటర్లు. రెండేసి పోగులుగా విడదీస్తే యాభైకి పైగా మూరలు వస్తాయి, పది పట్టీలకు చాలినంత. రెండు పోగులకు ఎనిమిదో నంబరు ఎంబ్రాయిడరీ సూది సరిపోతుంది. చేతి సూదికి నంబరు పెరిగేకొద్దీ సన్నం, మిషను సూదికి లావు. కొత్తవాళ్లు ఎప్పుడూ తడబడేది ఇక్కడే. ముడి లేకుండా మొదలుపెట్టాలంటే రెండు మూరల ఒకే పోగును సగానికి మడిచి, రెండు కొసలూ సూదిలోకి ఎక్కించండి. వెనక నుంచి పైకి తీసి, మళ్లీ వెనక్కి పొడిచి, మిగిలిన ఉచ్చులోంచి సూదిని లాగితే బిగుసుకుంటుంది. ఎరుపు, మెరూన్ దారాలను కుట్టకముందే తడిపి తెల్ల గుడ్డలో నొక్కి చూడాలి. రంగు దిగితే ఆ లడి పక్కన పెట్టేయడమే.

అలంకారానికి కాటన్, బరువు మోసే కుట్టుకు పాలిస్టర్. వానలో నానే చోట కాటన్ దారం కుళ్లుతుంది. నైలాన్ గట్టిదే అయినా ఎండకు పాలిస్టర్ కంటే త్వరగా దెబ్బతింటుంది.

దారాలు, లేసులు, బొత్తాలకు అవెన్యూ రోడ్డు రాజా మార్కెట్. చిక్కపేట మెట్రోలో దిగితే నడిచిపోవచ్చు. రెక్సిన్‌కు, లైనింగుకు జేసీ రోడ్డులో బళ్ల సీటు కవర్ల కొట్లు చూడండి. కన్నడం రాదని జంకక్కర్లేదు. దారం ఇక్కడ దార, గుడ్డ బట్టె, గుండీ గుండి. సూదిని సూజి అంటారు, మనకు ఉప్మా గుర్తొస్తే వాళ్ల తప్పు కాదు.

పాంటు పట్టీతో మొదలుపెట్టడం మంచిది. సైకిల్ గొలుసు కుడివైపు ఉంటుంది కాబట్టి పాంటు చిక్కుకునేది కుడి కాలిదే. అయినా జతగా కుట్టండి. తొక్కేటప్పుడు చీలమండలు పైకీ కిందికీ కదులుతుంటాయి, వెలుగును తిప్పికొట్టే టేపు అక్కడ ఉంటే వెనక వచ్చే బండివాడికి అది సైకిలని వెంటనే తెలుస్తుంది. రాత్రంతా నానబెట్టి ఆరేసిన జీన్స్ గుడ్డ 40 సెంటీమీటర్ల పొడవు, ఆరున్నర వెడల్పున రెండు ముక్కలు. చుట్టూ ఒక సెంటీమీటరు కుట్టులోకి పోతే 38, నాలుగున్నర మిగులుతుంది. కింది అంచున రెండు సెంటీమీటర్ల టేపు, పైన ఎంబ్రాయిడరీ. టేపు మీద మాత్రం దారం పని వద్దు, కుట్టినంత మేరా మెరుపు పోతుంది. అతికించే కుట్టు కూడా నాలుగు మిల్లీమీటర్ల దూరంతో వేయాలి. దగ్గర దగ్గరగా పొడిస్తే తపాలా బిళ్ల అంచులా చిరుగుతుంది.

వెల్క్రోలో కొక్కేల వైపు ఆరు సెంటీమీటర్లు, మెత్తటి వైపు పన్నెండు. మెత్తటిది పొడుగ్గా ఉంటే కాలు లావైనా సన్నమైనా కొక్కేలు బయటికి కనబడవు. ఎంబ్రాయిడరీకి మొదటి శత్రువు ఈ కొక్కేలే. నిండుకుట్టు లాంటి పొడుగు పోట్లను పట్టి లాగేస్తాయి. అందుకే పోటు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు, వెల్క్రోకు నాలుగు సెంటీమీటర్ల ఇవతలే పని ఆపాలి. ఉతికేటప్పుడు వెల్క్రో మూసే ఉతకాలి.

బాటిల్ సంచికి కొలతే ప్రాణం. మామూలు సైకిల్ బాటిల్ అడ్డుకొలత ఏడున్నర సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. లోపల ఐదు మిల్లీమీటర్ల పొర పెడతాం కాబట్టి చుట్టు గుడ్డ 29 సెంటీమీటర్ల పొడవు, 18 ఎత్తు కత్తిరించాలి, అడుగు గుండ్రం అడ్డుకొలత పదిన్నర. పొరకు స్పాంజి వద్దు. నీళ్లు పీల్చి, బాల్కనీ లేని పీజీ (పేయింగ్ గెస్ట్) గదిలో ఆరక బూజు పడుతుంది. పాత యోగా మ్యాట్ ముక్క చక్కగా సరిపోతుంది. గుండ్రాన్ని కుట్టేటప్పుడు ముడతలు రావడానికి కారణం ఒకటే, చుట్టు గుడ్డకు గాట్లు పెట్టకపోవడం. సెంటీమీటరుకొకటి చొప్పున ఏడు మిల్లీమీటర్ల లోతు గాట్లు పెట్టి, రెండింటినీ నాలుగు భాగాలుగా గుర్తు పెట్టుకుని గుండుసూదులు గుచ్చండి. అడుగున చిన్న రంధ్రం చేసి చుట్టూ కాజా కుట్టు వేస్తే వాన నీళ్లు దిగిపోతాయి. ఇనుప కన్ను (ఐలెట్) వేస్తే తుప్పు మరక గుడ్డకు పట్టేస్తుంది.

పట్టీలు మూడు ఉండాలి. హ్యాండిల్‌కు ఒకటి, హ్యాండిల్ కాడకు ఒకటి, కింద ఫ్రేముకు ఒకటి. మూడోది లేకపోతే సంచి ఊగి మోకాలికి తగులుతుంది. నైలాన్ పట్టీ కొసను కొవ్వొత్తి మంటకు చూపి కరిగించకపోతే పోగులు లేస్తాయి. పట్టీ కుట్టే చోట చతురస్రం, లోపల ఐమూలగా రెండు గీతలు. పీజీలో రాత్రి మిషను చప్పుడు పడదు కదా, చెప్పులు కుట్టే ఆరెతో నాలుగు మిల్లీమీటర్లకొక రంధ్రం పొడిచి, ఒకే దారం రెండు కొసలకు రెండు సూదులు ఎక్కించి, ఒక్కో రంధ్రంలోంచి ఎదురెదురుగా దూర్చండి. చెప్పులు కుట్టేవాళ్ల కుట్టు ఇది, చూడ్డానికి గవంతే. ఒక వైపు దారం అరిగి తెగినా రెండో వైపుది పట్టుకునే ఉంటుంది. దారానికి ముందే మైనం రాయాలి.

సీటు కవరు పైభాగంలో ఎంబ్రాయిడరీ అడిగితే వద్దని చెప్పేయండి. ప్రతి సూది పోటూ నీళ్లకు దారే. కావాలంటే పక్కన వేలాడే అంచుకు వేయవచ్చు. హెల్మెట్ కింద పెట్టుకునే టోపీ ఒకే పొర పల్చటి కాటన్‌తో, నుదుటి దగ్గర ముడి లేకుండా ఉండాలి. మందమైతే హెల్మెట్ పట్టు మారుతుంది. హెల్మెట్ సొంత పట్టీలకు ఎంత అందంగా ఉంటుందన్నా సూది గుచ్చకండి, అవి తలను కాపాడేవి.

ధర దగ్గర మనవాళ్లు మోసపోయేది గుడ్డ లెక్క వేసి గంటల లెక్క వేయకపోవడం వల్ల. ఒక జతకు సరుకు కొంచెమే. గవంతి పనికి రెండు మూడు గంటలు పడుతుంది. ముందు ఒక జత గడియారం పెట్టుకుని కుట్టి, బ్లౌజు మీద గంటకు ఎంత గిట్టుతోందో దానితో గుణించండి. కొనేవాళ్లు బేరమాడితే పట్టీని తిరగేసి వెనక వైపు చూపించండి. గొలుసు నూనె మరక పడితే నీళ్లు తగలకముందే గిన్నెలు తోమే సబ్బు ద్రవం రుద్దాలని, ఇస్త్రీ తువ్వాలు మీద బోర్లా వేసి చేయాలని చిన్న చీటీ రాసి జతతో పాటు పెట్టండి.