మూడో ట్రేకి మొలిచిన వెర్బీనా

రెండు ప్యాకెట్ల విత్తనం మట్టిపాలయ్యాక, మూడోసారికి మా హైదరాబాదు మేడ మీద వెర్బీనా, గుత్తులుగా పూసే పూలమొక్క, పూసింది.

విత్తనాలమ్మినాయన 'బంతి నారు పోసినట్టే పోయండి, ఎండలో పెట్టి రోజూ నీళ్లు చల్లండి' అన్నాడు. వెర్బీనా విత్తనానికి సరిగ్గా ఆ రెండే గిట్టవు. సెప్టెంబరులో పెట్టిన మొదటి నారు ట్రేలో ఒక్కటీ లేవలేదు. గుంత కెలికి చూస్తే గింజ వేళ్ల మధ్య మెత్తగా నలిగిపోయింది. రెండోదాంట్లో 50 గుంతలకి 11 మొలిచాయి. నాలుగు రోజుల్లో మొదలు దారంలా సన్నబడి అన్నీ పక్కకి వాలిపోయాయి. నారుకుళ్లు. నీళ్లు ఎక్కువైతే వచ్చేదే.

అక్టోబరు చివర మూడో ట్రే. కోకోపీట్‌ని (కొబ్బరి పీచు పొట్టు) రెండుసార్లు కడిగి ఉప్పు వదిలించి, మూడు పాళ్లకి ఒక పాలు పెర్లైట్ (తేలికపాటి తెల్ల గుల్లరాయి) కలిపి, ముందురోజే తడిపి ఉంచాను. గుప్పిట్లో పిసికితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క కారకూడదు. అర సెంటీమీటరు లోతున గింజ పెట్టి కప్పేశాక మళ్లీ నీళ్లు ముట్టించలేదు. మొలవడానికి చీకటి కావాలి కాబట్టి పైన నల్ల కవరు కప్పి, ఇంట్లో 20-24 డిగ్రీల వేడి ఉండేచోట పెట్టాను. 12వ రోజున మొదటి మొలక, 26వ రోజున చివరిది. అన్నీ ఒకేసారి రావు. అందుకని మొలకలొచ్చిన గుంతల వరుసల్ని కత్తెరతో ట్రేనించి విడదీసి వెలుతురులోకి మార్చి, మిగతావాటిని చీకట్లోనే ఉంచాను. మొత్తం 31 దక్కాయి. వెర్బీనాలో సగం మొలిస్తేనే గొప్ప, డబ్బా కొట్టుకుంటున్నాననుకున్నా సరే. మొలకలకి తడి కిందనించే: ట్రేని పళ్లెంలో నీళ్లలో పది నిమిషాలు ఉంచి తీసేయాలి.

ఆపైన అంతా సులువు. 12 అంగుళాల కుండీకి మూడు మొక్కలు, రోజుకి ఆరు గంటల ఎండ, జానెడు ఎత్తు రాకముందే చివళ్లు తుంచడం.

ఒక కుండీకి మాత్రం ఆకుల మీద బూడిద తెగులు వచ్చింది. మొక్కలు గోడవారగా, గాలాడకుండా ఇరుకున ఉన్నాయి. నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి చల్లితే ఆగింది. ఎండ ముదిరాక మాత్రం గంధకం కొట్టకండి, ఆకులు మాడతాయి.

వాడిన పూగుత్తుల్ని కాడతో సహా కత్తిరిస్తేనే కొత్తవి వస్తాయి. ఇక ప్యాకెట్టు కొనే పనిలేదు. పూతలేని కొమ్మ చివర మూడంగుళాలు తుంచి, కింది ఆకులు తీసి, తడి కోకోపీట్‌లో గుచ్చితే మూడు వారాల్లో వేరు పడుతుంది. నిన్న ఆరు గుచ్చాను.