టీఏషిప్ వచ్చింది, మాట్లాడే పరీక్షే పోయింది: నా అనుభవం

అమెరికా నుంచి పీహెచ్‌డీ ఆఫర్ లెటర్ వస్తే మనవాళ్ళు ముందు చూసేవి రెండే, ట్యూషన్ ఫీజు మాఫీ ఉందా, నెలకు స్టైపెండ్ ఎంత. నాకొచ్చిన కెమిస్ట్రీ లెటర్‌లో ఆ రెండూ బాగానే ఉన్నాయి. వాటి కింద ఇంకో పేరా ఉంది: ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు టీచింగ్ అసిస్టెంట్‌గా (టీఏ, అంటే డిగ్రీ పిల్లలకు క్లాసులు, ల్యాబ్‌లు చూసే పీహెచ్‌డీ స్టూడెంట్) క్లాసులో అడుగు పెట్టే ముందు యూనివర్సిటీ పెట్టే మౌఖిక పరీక్ష పాసవ్వాలి, లేకపోతే వాళ్ళు చెప్పిన ఇంగ్లిష్ కోర్సు చేయాలి. అక్కడే చదువుతున్న సీనియర్‌ని అడిగితే "ఏం కాదు తమ్ముడూ, ఫార్మాలిటీ" అన్నాడు. అన్నకు ఫార్మాలిటీయే, ఆయన హైదరాబాద్‌లో ఎల్‌కేజీ నుంచి కాన్వెంట్. నేను హనుమకొండ పక్క ఊళ్ళో పదో తరగతి దాకా తెలుగు మీడియం. నాకు అది ఒక సెమిస్టర్ మొత్తం పట్టింది. దీని గురించి మనవాళ్ళు పెద్దగా రాయరు, పీహెచ్‌డీకి వెళ్ళి ఇంగ్లిష్ క్లాసులో కూర్చున్నాడంటే నామోషీ అనుకుంటారు కాబోలు. నాకు అలాంటి మొహమాటం లేదు కాబట్టి రాస్తున్నా.

టోఫెల్ (అడ్మిషన్‌కు రాసే ఇంగ్లిష్ పరీక్ష) రాశాం కదా, మళ్ళీ ఇదేంటి అని చాలామంది అడుగుతారు. టోఫెల్ మొత్తం స్కోరు అడ్మిషన్ కోసం. టీఏ పనికి స్పీకింగ్ స్కోరు విడిగా చూస్తారు. నేను రాసినప్పుడు స్పీకింగ్ 30 మార్కులకు ఉండేది, చాలా యూనివర్సిటీల్లో 26 లేదా అంతకంటే ఎక్కువ వస్తేనే ఈ పరీక్ష నుంచి మినహాయింపు. నాకు 22. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవాళ్ళకు తెలుసు, స్పీకింగ్‌కు టెంప్లేట్లు ఇస్తారు, ప్రశ్న ఏదైనా మొదటి వాక్యం అదే, చివరి వాక్యం అదే, మధ్యలో నలభై సెకన్లు ఎలాగో నింపాలి. దాంతో అడ్మిషన్ దాకా వెళ్ళిపోవచ్చు. క్లాసులో పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు చెయ్యెత్తి "అదెందుకలా?" అంటే టెంప్లేటు పనికిరాదు.

ఈ పరీక్ష ఎవరో ప్రొఫెసర్‌కు బుద్ధి పుట్టి పెట్టింది కాదు. 1980ల్లో సైన్సు, ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్లలో విదేశీ టీఏలు పెరిగారు, వాళ్ళు చెప్పేది అర్థం కావట్లేదని స్టూడెంట్లు, ఫీజులు కట్టే తల్లిదండ్రులు గొడవ చేశారు, అది రాష్ట్రాల చట్టసభల దాకా పోయింది. నేనున్న పెన్సిల్వేనియాలో 1990లో చట్టమే చేశారు, అండర్‌గ్రాడ్యుయేట్లకు పాఠం చెప్పేవాళ్ళ ఇంగ్లిష్ సరిపోతుందని యూనివర్సిటీ ధ్రువీకరించాలి, అందులో టీఏలు కూడా వస్తారు. కాబట్టి పరీక్ష పెట్టేవాళ్ళను బతిమాలితే పనయ్యే వ్యవహారం కాదిది. నాతోపాటు రాసిన ఒకతను ప్రయత్నించాడు కూడా.

పరీక్ష సెమిస్టర్ మొదలయ్యే ముందు వారంలో. జెట్‌లాగ్ పూర్తిగా దిగలేదు, బ్యాంకు అకౌంటు, ఫోను, అపార్ట్‌మెంట్ ఏదీ సర్దుకోలేదు. ఇద్దరు ఎగ్జామినర్లు ఎదురుగా కూర్చుంటారు, రికార్డింగ్ నడుస్తూ ఉంటుంది. ఒక గ్రాఫ్ ఇచ్చి వివరించమంటారు. ఒక నోటీసు ఇచ్చి, అది క్లాసుకు ప్రకటిస్తున్నట్టు చెప్పమంటారు. ఒక ఎగ్జామినర్ స్టూడెంట్‌లా మారిపోయి "నా మార్కులు తప్పు వేశావు, మళ్ళీ చూడు" అని వాదిస్తారు, మనం సర్ది చెప్పాలి. చివర్లో మన సబ్జెక్టులో ఏదో ఒక భావన తీసుకుని బోర్డు మీద కొన్ని నిమిషాల పాఠం.

నేను బఫర్ ద్రావణం (కొంచెం యాసిడ్ గానీ బేస్ గానీ పోసినా పీహెచ్, అంటే ఆమ్లత్వం కొలత, పెద్దగా మారని ద్రావణం) తీసుకున్నా. ఎమ్మెస్సీలో ఎన్నిసార్లు రాశానో లెక్కే లేదు, నిద్రలో లేపినా చెప్తాను. మనకు అలవాటైన పద్ధతిలోనే చెప్పా, ముందు నిర్వచనం, తర్వాత దాని పీహెచ్ లెక్కగట్టే హెండర్సన్-హాసెల్‌బాల్క్ సమీకరణం, తర్వాత ఉదాహరణ. ఎగ్జామినర్ మధ్యలో ఆపి "యాసిడ్ పోసినా పీహెచ్ ఎందుకు పెద్దగా మారదు?" అని అడిగితే, నిర్వచనమే ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా, ఇంకా స్పీడుగా వచ్చింది నోట్లోంచి. రిజల్ట్‌తోపాటు వచ్చిన కామెంట్ల సారాంశం ఇది: వ్యాకరణం బాగుంది, సబ్జెక్టు బాగుంది, కానీ వినేవాళ్ళు చాలా కష్టపడాల్సి వస్తోంది. స్కోరు మధ్య బ్యాండులో పడింది, అంటే ఒక సెమిస్టర్ కోర్సు చేసి మళ్ళీ పరీక్ష. డిపార్ట్‌మెంట్ ఆ సెమిస్టర్‌కు నన్ను పేపర్లు దిద్దే పనిలో, ల్యాబ్ సామాను సర్దే పనిలో వేసింది, స్టైపెండ్ ఆగలేదు. ఇది అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోకండి, ఆ డబ్బు టెన్షన్ నిజమైన టెన్షనే.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి, ఇంటికి ఫోన్ చేసి చెబితే మా బావ ఇంకేదో అనుకుని కంగారుపడ్డాడు. అమెరికా యూనివర్సిటీల్లో విదేశీయులకు ఇంగ్లిష్ నేర్పే విభాగాలు కొత్తవి కావు, మిచిగన్ యూనివర్సిటీలో భాషావేత్త చార్ల్స్ ఫ్రీస్ 1941లోనే ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. వాటిలో ఎక్కువమందికి తెలిసిన రకం ఇంటెన్సివ్ ఇంగ్లిష్ ప్రోగ్రాం, డిగ్రీ అడ్మిషన్‌కు సరిపడా ఇంగ్లిష్ ఇంకా లేనివాళ్ళ కోసం. దానికి ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఇంగ్లిష్ కోర్సు పేరు మీదే వస్తుంది, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చి క్లాసుల్లోనే చదివేవాళ్ళు వారానికి కనీసం 18 గంటలు కూర్చోవాలి, ఆ చదువు మీద ఓపీటీ (చదువుకు సంబంధించిన పని అక్కడ చేసుకునే అనుమతి) రాదు. మాది అది కాదు. డిగ్రీలో ఉంటూనే, మిగతా సబ్జెక్టులతో పాటు చేసే క్లాసు. వీసాకు దీనితో ఏ సంబంధమూ లేదు.

క్లాసులో చైనా, కొరియా, ఇరాన్, బంగ్లాదేశ్ వాళ్ళం. మొదట్లో నాకు లోపల కొంచెం గర్వం, వీళ్ళందరికంటే నేను గడగడా మాట్లాడతాను కదా అని. తీరా చూస్తే ఆ గడగడే నా సమస్య. మా టీచర్ మొదటి వారమే స్పష్టంగా చెప్పేసింది, యాస పోగొట్టడం నా పని కాదు, మీరు చెప్పేది ఎదుటివాడు ఒక్కసారి విని నోట్సు రాసుకోగలగాలి, అంతే.

ఆవిడ మా అందరికీ తలా ఒక లావుపాటి రబ్బరు బ్యాండు ఇచ్చింది. పదం పలుకుతూ, ఏ అక్షరం మీద ఒత్తు (స్ట్రెస్, అంటే నొక్కి పలకడం) పడాలో అక్కడ బ్యాండు సాగదీయాలి, మిగతా అక్షరాల దగ్గర వదిలేయాలి. ముప్పై ఏళ్ళకు దగ్గర పడుతున్న పీహెచ్‌డీ వాళ్ళం వరసగా కూర్చుని రబ్బరు బ్యాండ్లు సాగదీస్తుంటే నవ్వొచ్చింది. కానీ పని చేసింది. మన తెలుగులో ప్రతి అక్షరానికి దాని వాటా దానికి దక్కుతుంది, పొడుగుంటే పొడుగు, పొట్టిదైతే పొట్టి, ఏదీ మింగేయం. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ముందుకొస్తుంది, పక్కవి నలిగిపోతాయి. 'అనాలిసిస్' అన్నప్పుడు ఒత్తు 'నా' మీద, 'అనలిటికల్' అన్నప్పుడు 'లి' మీద. నేను రెండింటినీ అన్ని అక్షరాలూ సమానంగా, రైలు వెళ్ళినట్టు చెప్పేవాణ్ణి. అమెరికన్ చెవి ఆ ఒత్తును పట్టుకునే పదాన్ని గుర్తుపడుతుందట, అది తప్పిన చోట పడితే హల్లులన్నీ సరిగ్గా ఉన్నా వాడికి వేరే ఏదో వినపడుతుంది.

కెమిస్ట్రీ ల్యాబ్‌లో దీనికంటే ప్రమాదం 15, 50. ఫిఫ్టీన్‌లో ఒత్తు మామూలుగా రెండో భాగం మీద, ఫిఫ్టీలో మొదటి దాని మీద. మనం రెండూ ఒకేలా అంటాం, పైగా చివర 'న్' సగమే పలుకుతాం. 15 ఎంఎల్ యాసిడ్ తీసుకోమంటే పిల్లలు 50 తీసుకున్నారనుకోండి, అది ఉచ్చారణ సమస్యగా మిగలదు. టీచర్ చెప్పిన ఉపాయం చాలా సింపుల్: అంకె ముందు బోర్డు మీద రాయి, తర్వాత నోటితో చెప్పు, ఇంకా అనుమానముంటే 'వన్ ఫైవ్' అని విడదీయి. ఇప్పటికీ అదే చేస్తున్నా.

హోంవర్కులో అన్నిటికంటే విసుగు పుట్టించింది, అన్నిటికంటే పనికొచ్చింది ఒకటే. మనం చెప్పిన పాఠం వీడియో తీసుకుని, ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి, ఎక్కడ ఆగామో అక్కడ గీతలు పెట్టడం. నా మొదటి కాగితంలో గీతలు దాదాపు లేవు. ఉన్నవి కూడా వాక్యం అర్థంతో సంబంధం లేని చోట, ఊపిరి అందక ఆగినవి. ఇంకోటి గమనించా, ప్రతి మెట్టుకీ 'ఓకే? అర్థమైందా?' అని అడిగి, జవాబు రాకముందే ముందుకెళ్ళిపోతున్నా. ఆ ప్రశ్నకు ఏ దేశంలోనైనా పిల్లలు తలే ఊపుతారు. దాని బదులు 'ఇప్పుడు దీంట్లో కొంచెం బేస్ పోస్తే ఏమవుతుంది?' అని అడిగి, నోరు మూసుకుని నిలబడాలి. ఆ నిశ్శబ్దం భరించడం నాకు ఉచ్చారణ కంటే కష్టమైంది.

భాష కాని విషయాలు కూడా చాలానే చెప్పారు. స్టూడెంట్ మార్కులు ఇంకొకరికి తెలియనివ్వకూడదు, 1974 నాటి ఫెర్పా చట్టం ఉంది. దిద్దిన పేపర్ల కట్ట టేబుల్ మీద పెట్టి ఎవరిది వాళ్ళు వెతుక్కోండి అనడం కూడా కుదరదు. మన కాలేజీల్లో హాల్‌టికెట్ నంబర్లతో సహా నోటీసు బోర్డుకు అంటిస్తారని నేను చెబితే క్లాసంతా నోరెళ్ళబెట్టింది, ఒక్క బంగ్లాదేశ్ అమ్మాయి తప్ప.

నాకు ఈ వ్యవహారం మొత్తం న్యాయంగా ఉందా అంటే, లేదు. ఇది టీచరే మా ముందు పెట్టిన సంగతి. డొనాల్డ్ రూబిన్ అనే పరిశోధకుడు 1992లో ఒక ప్రయోగం ప్రచురించాడు. ఇంగ్లిష్ మాతృభాష అయిన అమెరికన్ మహిళ గొంతుతో రికార్డు చేసిన ఒకే లెక్చర్‌ను అండర్‌గ్రాడ్యుయేట్లకు వినిపించారు, కొందరికి తెల్ల మహిళ ఫొటో చూపిస్తూ, కొందరికి ఆసియా మహిళ ఫొటో చూపిస్తూ. రెండో గుంపుకు పాఠం తక్కువ అర్థమైంది. గొంతు అదే, మాట అదే. అంటే వినేవాళ్ళ వైపు కూడా ఒక పరీక్ష పెట్టాల్సింది, అది ఎవరూ పెట్టరు. ఇరాన్ మిత్రుడు ఆ రోజు "మరి రబ్బరు బ్యాండ్లు వాళ్ళకూ పంచండి" అన్నాడు. టీచర్ నవ్వింది కానీ కాదనలేదు. నా లెక్కలో రెండూ నిజమే. వాళ్ళకు మా మీద ముందే ఒక అభిప్రాయం ఉంది, నేను కూడా ఆగకుండా ఉరికే మాట మాట్లాడేవాణ్ణి. నా చేతిలో ఉన్నది రెండోది.

సెమిస్టర్ చివర మళ్ళీ పరీక్ష, ఈసారి టైట్రేషన్ (యాసిడ్‌లో బేస్ కొద్దికొద్దిగా పోస్తూ దాని గాఢత కనుక్కునే పద్ధతి) చెప్పా. బోర్డు మీద ముందు గ్రాఫ్ గీసి, పీహెచ్ ఎక్కడ ఒక్కసారిగా పైకి లేస్తుందో అక్కడ ఆగి, ఎందుకని వాళ్ళనే అడిగా. నిర్వచనం చివర్లో చెప్పా. పాసయ్యా. తర్వాతి సెమిస్టర్ నుంచి జనరల్ కెమిస్ట్రీ రెసిటేషన్ (లెక్చర్‌కు తోడుగా చిన్న గుంపుకు సందేహాలు, లెక్కలు చెప్పే క్లాసు) ఇచ్చారు, వారానికి 20 గంటల పని. క్లాసులో నా ఇంగ్లిష్ గురించి ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు, మార్కులు పిసినారిగా వేస్తానని మాత్రం చేశారు.

ఆఫర్ వచ్చినవాళ్ళు వీసా పనుల్లో పడకముందే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు ఒక మెయిల్ పెట్టండి. స్పీకింగ్‌లో ఎంత వస్తే మినహాయింపు, పాసవ్వకపోతే మొదటి సెమిస్టర్ ఫండింగ్ సంగతేంటి, ఆ కోర్సు ఫీజు మాఫీలో వస్తుందా, దాని గ్రేడు జీపీఏలో కలుస్తుందా అని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. టోఫెల్ మళ్ళీ రాసి స్కోరు పెంచుకుని ఈ కోర్సు తప్పించుకుంటామనేవాళ్ళు ఉన్నారు, డబ్బూ ఓపికా ఉంటే రాయండి. నన్నడిగితే కోర్సే మేలు, అక్కడ మీ పాఠం విని ఎక్కడ అర్థం కాలేదో ముఖం మీద చెప్పే మనిషి ఒకరు ఉంటారు, ఆ తర్వాత సెమిస్టర్‌లో స్టూడెంట్లు అది చెప్పరు, నేరుగా ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాస్తారు.