రెండు నీలం టిక్కులు
నిన్న రాత్రి పదకొండున్నరకి ఒక మెసేజ్ వచ్చింది, పొరపాటున తెరిచాను, ఇక అంతే, చదివినట్టు అవతలివాళ్లకి తెలిసిపోయింది కాబట్టి జవాబివ్వకపోతే పొగరనుకుంటారేమోనని నిద్ర మానుకుని టైప్ చేస్తూ కూర్చున్నా. పంపిన మనిషి మాత్రం హాయిగా పడుకున్నాడు!

వాట్సాప్‌లో ఈ నీలం టిక్కులు 2014 నవంబర్‌లో వచ్చాయి. అంతకుముందు "చూడలేదండీ" అనే చిన్న అబద్ధం ఎన్నిసార్లు కాపాడిందో. సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు, నిజమే, కానీ గ్రూపుల్లో అది పనిచెయ్యదు, పైగా ఎదుటివాళ్లు చదివారో లేదో మనకీ కనపడదు (అది చూడకుండా మనకీ ఉండబట్టదు కదా).

ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి, కనీసం 50 మంది ఉన్న కంపెనీలు పనివేళలు దాటాక ఫోన్లు, మెయిళ్ల సంగతి ఉద్యోగులతో మాట్లాడుకోవాలని చట్టం ఉంది. బాగుంది. మరి చుట్టాలకి, పాత క్లాస్‌మేట్ల గ్రూపుకి ఏ చట్టం పెట్టాలి?

స్నానం చేస్తున్నా ఫోన్ మోగినట్టే అనిపిస్తోంది, తలకి సబ్బుతోనే పరిగెత్తుకొచ్చి చూస్తే ఏమీ ఉండదు. ఇది రాస్తుండగానే మూడు మెసేజ్‌లు వచ్చాయి. ఇంకా తెరవలేదు. ఈ పోస్ట్ చూసి ఆన్‌లైన్‌లోనే ఉన్నానని కనిపెట్టేస్తారు, అదో టెన్షన్.